ఓడలోని అంతస్తులు

(వీపనగండ్ల గ్రంథాలయ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



సముద్రము నెన్నడును చూడనివా రెక్కువగా నున్న యూరిలో సముద్రయానమును గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. వీపనగండ్లకు సముద్రము వంద మైళ్ళకు పైబడిన దూరము. మనకు తెలిసిన మహాజలము కృష్ణ. మన పెద్దలకు తెలిసిన నావ పుట్టి. వెదురు బద్దలతో నల్లి, అడుగున తోలు కట్టిన ఆ గుండ్రని పుట్టిలో ఆసామియు, పాలేరును, సంతకు పోవు గంపయు, మేకపిల్లయు ఒక్కచోటనే యేరు దాటుట వారెరిగిన విషయము. కూర్చుండుటలో ఎంత యెడము పాటించినను, పుట్టికి అంతస్తులు లేవు. మునిగినచో అందరును మునుగుదురు. ఒడ్డు చేరినచో అందరును చేరుదురు.

మహాసముద్రమును దాటు ఓడ అట్టిది గాదు. ఆ యోడను గూర్చియు, దానిలోని జీవనమును గూర్చియు నేడు మనవి చేయదలచితిమి. వినోదమునకై మాత్రము గాదు. ఆ యోడ కథలో మన పాలమూరి కథ కూడ నున్నదని మా నమ్మకము. అది ఎట్లో కడపట విన్నవించెదము.

ఇంగ్లండునుండి అమెరికాకు అట్లాంటికు సముద్రముమీదుగా పోవు పెద్ద పొగయోడ, కదలుచున్న పట్టణము వంటిది. 1907లో నీటిలో తిరుగుట కారంభించిన ‘మారిటేనియా’ యను ఓడ సుమారు నాలుగున్నర దినములలో ఆ సముద్రమును దాటి, 1909 మొదలు 1929 వరకు వేగమున దానికి సాటి లేదనిపించుకొనెను. అట్టి యోడలలో రెండువేలమందికి పైగా జనము పట్టువారు. పైయంతస్తులలో మొదటి తరగతివారు. వారికి భోజనశాలలు, సంగీతము, గ్రంథాలయము, వ్యాయామశాల, డెక్కుపై పండుకొనుటకు కుర్చీలు, కాళ్ళపై కప్పుకొనుటకు కంబళ్ళు. వారి దిగువ రెండవ తరగతివారు. అంతకు దిగువ, నీటిమట్టమునకు చేరువగా మూడవ తరగతివారు. ఇనుప మంచములు ఒకదానిపై నొకటిగా అమర్చిన గదులలో, యంత్రముల అదురు వీపునకు తగులుచుండ, సొంత యూళ్ళు విడిచిన బీదలు అచట ప్రయాణము చేయువారు.

ఓడలో దినచర్య గంటల మ్రోతపై నడచును. తొలి రెండు దినములు తలతిరుగుడును, వాంతులును. ఆ బాధ ధనికుని బీదను సమానముగా పట్టుకొనును. మూడవ దినమునకు కాళ్ళు నిలదొక్కుకొనును. ఆట లారంభమగును, పరిచయము లారంభమగును. పడమటికి పోవునప్పుడు రాత్రికి రాత్రి గడియారములను ముప్పాతిక గంటయో, గంటయో వెనుకకు త్రిప్పుదురు. కావున ఓడలోనివారికి దినమునకు ఇరువదినాలుగు గంటలకంటె నెక్కువ కాలము లభించును. న్యూఫౌండులాండు దరిదాపులకు వచ్చినప్పుడు మంచు పొగ క్రమ్మును. ఓడ కొమ్ము ఊదుచు మెల్లగా సాగును. కడపట ఒక ఉదయమున న్యూయార్కు రేవు కానవచ్చును. అందరును డెక్కుపైకి వచ్చి చూతురు.

ఆ రేవున జరుగు పనిని గమనింపుడు. మొదటి రెండు తరగతులవారిని వైద్యులు ఓడలోనే మర్యాదగా చూచి పంపివేయువారు. మూడవ తరగతివారిని మాత్రము చిన్నపడవలలో నెక్కించి, ఎల్లిసు ద్వీపమునకు తరలించి, కన్ను రెప్పలు తిరగవేసి చూచి, ప్రశ్నలడిగి, పనికివచ్చునని తోచినవారినే లోపలికి విడుచువారు. 1892 నుండి 1954 వరకు నడచిన ఆ ద్వీపమునందలి తనిఖీశాలను కోటిమందికి పైగా దాటిరి. ఒక్క యోడలో వచ్చినవారే. ఒక్క గాలి పీల్చినవారే. కాని టిక్కెట్టు ఖరీదునుబట్టి ఒకరు అతిథులు, మరియొకరు అనుమానితులు.

అంతస్తుల భేదము మృత్యుసమయమున నైనను తొలగునా? 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి ‘టైటానికు’ మంచుకొండకు తాకి, తెల్లవారకముందే మునిగిపోయెను. ఓడలో సుమారు 2,200 మంది. ప్రాణరక్షక నావలు 20. వానిలో పట్టువారు 1,178 మంది. అనగా ఓడ బయలుదేరినప్పుడే దాదాపు సగముమందికి చోటు లేదు. మొదటి తరగతిలో నూటికి అరువదిమందికి పైగా బ్రదికిరి. మూడవ తరగతిలో నూటికి ఇరువదియైదుగురు మాత్రమే బ్రదికిరి. మంచుకొండ ఎవరి టిక్కెట్టును అడుగలేదు. కాని నావలకు పోవు మెట్లు ఎవరి గదికి చేరువగా నున్నవో వారే ముందుగా నావలను చేరిరి.

ఇంతవరకు ప్రయాణికులను గూర్చి చెప్పితిమి. వీరందరికంటె దిగువ మరియొక యంతస్తు కలదు. అచటికి ప్రయాణికులు పోరు. అచట బాయిలరులుండును. టైటానికులో 29 బాయిలరులు, వానికి 159 పొయ్యిలు. దినమునకు సుమారు 600 టన్నుల బొగ్గు వానికి ఆహారము. ఆ బొగ్గును పారలతో ఎగదోయువారు రాత్రింబవళ్ళు వంతులవారీగా పనిచేయుచు, సూర్యుని మొగము చూడక ఖండాంతరములు దాటువారు. పైన సంగీతము వినుచు భోజనము చేయువారికి, ఆ వేగము ఎవరి చెమటవలన కలుగుచున్నదో తెలియదు. తూర్పు సముద్రములలో తిరిగిన బ్రిటిషు ఓడలలో ఈ పని పెక్కు చోట్ల మన దేశపు లస్కరులదే. తెల్లవానితో సమానమైన పని. జీతము వానిలో మూడవవంతో, నాలుగవవంతో. పండుకొను జాగా కూడ వానికంటె తక్కువ.

ఇక మనవారి ఓడను చూతము. బీదతెలుగువాడు సముద్రము దాటినది టైటానికు వంటి ఓడలో గాదు. వాడు దాటినది కూలీల ఓడలో.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకుతోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1838లో ‘విట్బీ’, ‘హెస్పెరసు’ అను రెండు తెరచాప ఓడలు కలకత్తానుండి బయలుదేరి, ఆఫ్రికా కొనను చుట్టి, అట్లాంటికును దాటి, మే 5వ తేదీన దక్షిణమెరికాలోని బ్రిటిషు గయానా చేరెను. 414 మంది ఎక్కగా 396 మంది దిగిరి. తక్కినవారు సముద్రము పాలైరి. ఫ్రెంచివారు కూడ ఇదే త్రోవ పట్టిరి. వారి ‘ఓరేలీ’ యను ఓడ 1853 మేలో మార్టినీకు దీవికిని, 1854 డిసెంబరులో గ్వాడలూపు దీవికిని మన దేశపు కూలీలను చేర్చెను. పుదుచ్చేరి, కారైకాలు రేవులతోపాటు మన గోదావరి తీరమునందలి యానామునకు కూడ ఆ వ్యాపారమున పాలు కలదు. తమిళులతోపాటు తెలుగువారును అట్లాంటికు దాటినది ఇట్లు.

తెలుగువా రెక్కువగా పోయినది హిందూ మహాసముద్రపు దారిని. 1860 అక్టోబరు 12వ తేదీన మదరాసు రేవునుండి ‘ట్రూరో’ అను ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16వ తేదీన నేటాలులోని డర్బను చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలు చేరిన కూలీలు 1,52,184 మంది. వారిలో మూడింట రెండువంతులు మదరాసు రేవునుండి పోయినవారు. మారిషసునకు, ఫిజీకి పోయినవారు వేరు. బర్మా రేవులలో తెలుగు కూలీకి ‘కోరంగీ’ యని పేరు పడినది. గోదావరి ముఖమునందలి మన కోరంగి రేవు పేరే అది.

ఆ యోడలోని జీవన మెట్టిది? సర్కారు నిబంధనలు ఒక్కొక్క పెద్దమనిషికి 12 చదరపు అడుగుల చోటు చాలునని నిర్ణయించెను. అనగా ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మన వాడుకలో చెప్పవలెనన్న, పాడె కంటె మిక్కిలి పెద్దది గాదు. బియ్యము, పప్పు, చింతపండు, పసుపు, ఎండుచేప కొలిచి యిచ్చువారు. నీరు కూడ కొలతయే. కలరా, జిగట విరేచనములు, తట్టు ఓడ నెక్కినచో దిగుటకు దారి లేదు. 1856-57లో కలకత్తానుండి కరేబియను దీవులకు పోయిన యోడలలో సగటున నూటికి 17 మంది దారిలోనే మరణించిరి. ఓడ వైద్యునికి, సజీవముగా దిగిన మనిషి కింత యని తలలెక్కన సొమ్ము ముట్టుచుండెను. మనిషి ప్రాణము సరకు లెక్కలో చేరిన విధమిది.

అయినను ఆ చీకటి గదిలో ఒక్క దీపము వెలిగినది. ఒక్క యోడలో పోయినవారు ఒకరి నొకరు ‘జహాజీ భాయి’ యని పిలుచుకొనిరి. కులము, ఊరు, భాష వేరైనను, ఓడ తోబుట్టువులను చేసెను. తోటలలో ఒకరి పిల్లల నొకరు పెంచిరి. ఒకరి చావునకు మరియొకరు ఏడ్చిరి. పై యంతస్తువారికి లేని సంపద యిది.

వారు ఒప్పుకొన్న షరతు లేవి? అయిదేండ్ల కట్టుబాటు. నేటాలులో మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము, ఏటికి ఒక షిల్లింగు చొప్పున పెంపు. తోట విడిచి పోరాదు. పోయినచో జైలు. ‘అగ్రిమెంటు’ అను ఇంగ్లీషు మాట వారి నోట ‘గిర్మిటు’ అయ్యెను. పోవు దేశ మెంత దూరమో తెలియనివారు, తిరిగివచ్చు దారి ఎరుగనివారు, చదువరాని కాగితముపై బొటనవ్రేలు నొక్కిరి. కాగితము ఒకటి, దళారి చెప్పిన మాట మరియొకటి. ఓడలోని బాధ కొన్ని వారములు, మించినచో కొన్ని నెలలు. వ్రేలిముద్ర చేసిన బాధ అయిదేండ్లు, అనేకులకు జీవితాంతము.

ఈ వ్యవస్థపై మన దేశము కన్నెఱ్ఱ చేసినది. గోపాలకృష్ణ గోఖలేగారు 1910లో నేటాలునకు కూలీలను పంపరాదని శాసనసభలో తీర్మానము తెచ్చి నెగ్గిరి. 1912లో వ్యవస్థనే రద్దు చేయవలెనన్న వారి తీర్మానము ఓడిపోయెను. 1916లో మదనమోహన మాళవ్యాగారు తిరిగి తెచ్చిరి. 1917లో కూలీల ఎగుమతి ఆగెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన కట్టుబాట్లు రద్దయ్యెను. ఈ పోరాటమునకు ప్రాణము పోసిన గాంధీమహాత్ముడు కూడ అట్లాంటికు ఓడల నెరిగినవాడే.

1909 నవంబరులో ఆయన లండనునుండి దక్షిణాఫ్రికాకు ‘కిల్డోనను కాజిలు’ అను ఓడపై తిరిగి వచ్చుచుండెను. రాయబారము విఫలమైనది. తోడి ప్రయాణికులు ఆటపాటలలో నుండగా, ఆయన ఓడవారి కాగితములపై పది దినములలో ‘హింద్ స్వరాజ్’ గ్రంథమును గుజరాతీలో వ్రాసి ముగించెను. కుడిచేయి నొప్పి పుట్టినప్పుడు ఎడమచేత వ్రాసెను. 1910లో బొంబాయి సర్కారు ఆ గ్రంథమును నిషేధించెను. మరల 1914 జూలైలో ఆయన కేపుటౌనునుండి ‘కిన్‌ఫాన్సు కాజిలు’ అను ఓడలో, కస్తూరిబాతోను మిత్రుడు కాలెన్‌బాకుతోను మూడవ తరగతిలో ఇంగ్లండు పోయెను. మిత్రుని వద్ద ఖరీదైన దుర్భిణి యుండెను. సాదా బ్రదుకునకు అది తగునా యని దినదినము వాదము జరిగి, కడపట వాదమునకు మూలమైన వస్తువునే ఆయన సముద్రములో పారవేసెను. పై యంతస్తునకు పోదగినవాడు తనంతట తాను దిగువ యంతస్తున పయనించుట, అచటినుండి లోకమును చూచుట: ఆ మూడవ తరగతి టిక్కెట్టు మనకు నేర్పు పాఠమిది.

స్వరాజ్యమునకు స్వంత ఓడలు కూడ కావలెనని గ్రహించినవా రుండిరి. 1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళెగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని స్థాపించి, తెల్లవారి కంపెనీతో పోటీ చేసిరి. 1908లో రాజద్రోహ నేరముపై శిక్షింపబడి చెరలో గానుగ త్రిప్పిరి. 1919 ఏప్రిలు 5వ తేదీన సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ ఓడ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. పూర్వము పసిఫికు సముద్రమున ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ యను పేర దొరలను మోసిన ఓడయే అది. పిమ్మట భారతీయుల కంపెనీ చేతికి వచ్చెను. 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు విశాఖపట్టణమున ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేయగా, 1948 మార్చి 14వ తేదీన పండిత నెహ్రూగారు అచట కట్టిన ‘జలఉష’ను నీటిలోనికి విడిచిరి. తెలుగుగడ్డపై తెలుగుకూలీల చేతులు కూడ కూడి కట్టిన మహానౌక యది. కూలీలుగా ఓడ నెక్కినవారి జాతి ఓడను కట్టినది. అది గర్వింపదగిన దినమే.

కాని, సభాసదులారా, జెండా మారినంతమాత్రమున ఓడలోని అంతస్తులు మారునా? ఇదియే నేటి మా ప్రశ్న.

పాలమూరి కూలి యన్న దేశమంతట తెలిసిన పేరు. దేశమున ఎన్ని జలాశయముల కట్టలపై మనవారి పారల గుర్తులు లేవు! నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ రాళ్ళు మోసినవారిలో మనవారు లేరా? కృష్ణ మన ప్రక్కనే పారుచున్నను, మన చేలు వానకై ఆకాశము చూచెను. చూచి చూచి మనవారు మేస్త్రీ వెంట పోయిరి. గుంపుమేస్త్రీ కరవు వేళ ముందుగా బయానా ఇచ్చును. ఆ సొమ్ము పిల్ల పెండ్లికో, పాత యప్పునకో, తిండిగింజలకో ఖర్చగును. పిమ్మట భార్యాభర్తలు లారీ నెక్కుదురు. పోవు చోటు, పని గంటలు, కూలి రేటు, తిరిగివచ్చు దినము: ఇవి మేస్త్రీ నోటిమాట. మరికొందరు నేడు విమాన మెక్కి గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఓడ లారీ అయినది, విమానమైనది. చదువని కాగితము, నోటిమాట, ముందు అప్పు: ఈ మూడును ఎక్కడ కూడినను అది గిర్మిటు వాసన వేయకమానదు.

మేస్త్రీని రాక్షసునిగా చిత్రించుట మా యుద్దేశము గాదు. అతడును మన యూరివాడే. పలువేళల పైవాని చేతిలో తానును మోసపోవువాడే. బయానా లేనిచో పొయ్యి వెలుగని యింటికి, పోవలదని హితవు చెప్పుట సులభము, అన్యాయము కూడ. పోవువారు పోవలసినదే. బయటి లోకమునకు పోవుట తప్పు గాదు. కన్నులు మూసికొని పోవుటయే తప్పు. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఓడపై అమెరికాకు పోయి, హార్వర్డున చేరి, జీవరసాయనశాస్త్రమున శాశ్వతకీర్తి గడించిరి. తాను ఏమి నేర్వ పోవుచున్నాడో ఎరిగి పోయినవాడు గనుక ఆ సముద్రము ఆయనకు రాజమార్గమైనది.

ప్రభుత్వము శాసనములు చేయలేదా యందురేమో! చేసినది. వలసకూలీలకై 1979లోను, విదేశములకు పోవువారికై 1983లోను పార్లమెంటు చట్టములు చేసినది. కాని చదువనివానికి చట్టము మూసిన పుస్తకము. కూలీల ఓడలకు కూడ నిబంధన లుండెను. సంరక్షకుడను పేర ఒక అధికారియు నుండెను. నిబంధనలను చదివి వినిపించువాడు కూలి పక్షమున లేకపోయెను. కొరత పడినది శాసనము గాదు, చదువరి.

ఇచటనే గ్రంథాలయము పని కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినప్పుడు, నైజాము రాజ్యమున తెలుగు చదువుటయే సాహసము. సభ పెట్టుటకు కూడ అనుమతి కావలసిన ఆ దినములలో పెద్దలు గ్రంథాలయములను పెట్టినది కాలక్షేపమునకు గాదు. ప్రజల కన్నులు తెరపించుటకు. ఆ పని ముగిసినదని ఎవరు చెప్పగలరు?

మేము కోరునది మూడు పనులు. మొదటిది: ఈ యూరినుండి పనికి పోవు ఏ మనిషియైనను కాగితముపై వ్రేలిముద్ర వేయకముందు, ఆ కాగితమును ఈ గ్రంథాలయమున నలుగురి యెదుట తెలుగులో బిగ్గరగా చదివి వినిపింపవలెను. కాగితము లేనిచో, మేస్త్రీ చెప్పిన మాటనే కాగితముపై పెట్టింపవలెను. మేస్త్రీ నిజాయితీపరుడైనచో అతనికి నష్టము లేదు; పైగా అదే కాగితము అతనిని కూడ పైవానినుండి కాపాడును. రెండవది: పోవువారి పేరు, తండ్రి పేరు, పోవుచోటు, బయలుదేరిన దినము, ఇంటివారికి ఆచూకీ తెలుపు విధము వ్రాయు పట్టిక ఒకటి ఇచట నుండవలెను. నేటాలు పోయిన కూలీల పేర్లు, ఊళ్ళు, వయస్సులు ఓడ పట్టికలలో నున్నవి. వారి మునిమనుమలు నేడు ఆ పట్టికలు చూచి తమ యూళ్ళను వెదకికొనుచున్నారు. తోటదొరలకై వ్రాయబడిన లెక్క వారి సంతతికి ఉపకరించినది. మనము ప్రేమతో లెక్క వ్రాయలేమా? మన లారీలలో పోవువారి పేర్లు మేస్త్రీ జేబుపుస్తకమున తప్ప మరెచ్చటను లేకుండుట మనకు గౌరవమా? మూడవది: పోయినవారి పిల్లలు బడి మానకుండ చూచుట. తలిదండ్రులతో లారీ నెక్కిన పిల్ల, రేపు చదువని కాగితముపై వ్రేలిముద్ర వేయు మనిషి యగును. ఆ గొలుసు తెగవలసిన చోటు బడి గుమ్మము.

ఈ మూడు పనులకు ఒక పుస్తకము, ఒక కలము, సాయంకాలము ఒక గంట చాలును. సంస్కారము గల యువకులు ఇద్దరు చాలుదురు. ధనము కావలసిన పని గాదు. దిగువ యంతస్తువారిని మనవారుగా నెంచు మనస్సు కావలసిన పని.

నేటికిని అట్లాంటికుపై విలాసమునకు తిరుగు ఓడ లుండవచ్చును. 1958లో జెటు విమానములు ఆ సముద్రముపై నెగురుట కారంభించినప్పటినుండి ఓడల వైభవము తగ్గినది. కాని మనుష్యసంఘమను ఓడ సాగుచునే యున్నది. బాయిలరు దగ్గర చెమటోడ్చువాడు లేక అది ఒక్క గజము కదలదు. పై డెక్కుపై కూర్చున్నవారు అప్పుడప్పుడైనను మెట్లు దిగి చూడవలెను. మెట్లున్నచో వాడును పైకి రాగలడు. మునుగు వేళ నావను అందుకొనగలడు.

మన పూర్వులు పుట్టిలో కృష్ణను దాటిరి. దానికి అంతస్తులు లేవని మొదట చెప్పితిమి. స్వరాజ్యము అట్టి పుట్టి కావలెనని కోరినవారి సంతతి మనము. పట్టిక పుస్తకమును రేపే తెరువుడు. మొదటి పేరు వ్రాసిన దినమున, ఈ ప్రసంగము వ్యర్థము కాలేదని మేము సంతసించెదము.